ఎముకను చేతిలోకి తీసుకోలేని విద్యార్థి: ఒక అనాటమీ టీచర్ కేస్ స్టడీ

నేను మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతాను. ఫస్ట్ ఇయర్ ఎంబీబీఎస్ పిల్లలకు ఎముకల పాఠాలు, అంటే మేం ఆస్టియాలజీ అనేవి, ఎక్కువగా నా వంతుకే వస్తాయి. ఈ కేసు కొన్నేళ్ల కిందటిది. రాసింది ఆ విద్యార్థికి చూపించి, అతను సరేనన్న తర్వాతే బయటపెడుతున్నాను. పేరు, ఊరు, కాలేజీ, సంవత్సరం ఏవీ చెప్పను. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను. ఎముకలకు సంబంధించినవి మాత్రం ఏవీ మార్చలేదు.

నేపథ్యం

ఎముకల వైవా, అంటే నోటి పరీక్ష, ఎలా జరుగుతుందో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. బల్ల మీద ఎముకలు పరిచి ఉంటాయి. ఎగ్జామినర్ ఒకటి తీసి విద్యార్థి చేతికిస్తారు. ఇదేం ఎముక, కుడిదా ఎడమదా అన్నది మొదటి ప్రశ్న. దాన్ని మన ఒంట్లో ఎలా ఉంటుందో అలా పట్టుకుని చూపించాలి. మిగతా ప్రశ్నలన్నీ ఆ తర్వాతే.

కుడీ ఎడమా తేల్చాలంటే మూడు సంగతులు తెలియాలి: ఏ చివర పైకి, ఏ ముఖం ముందుకి, ఏ పక్క లోపలికి, అంటే ఒంటి నడిమి వైపుకి. భుజం నుంచి మోచేతి వరకు ఉండే హ్యూమరస్‌నే తీసుకోండి. గుండ్రటి తల ఉన్న చివర పైకి ఉండాలి. కింది చివర ఉన్న లోతైన గుంట, మోచెయ్యి చాపినప్పుడు ముంజేతిలోని అల్నా ఎముక కొన వచ్చి కూర్చునేది, వెనక్కి ఉండాలి. ఈ రెండూ సరిగ్గా పెడితే తల ఏ పక్కకి చూస్తోందో అది లోపలి పక్క. ఇక కుడో ఎడమో దానంతట అదే తేలిపోతుంది. ఇందులో బట్టీ పట్టేది చాలా తక్కువ. చేతిలో తిప్పి చూసుకోవడమే ఎక్కువ.

ఈ అబ్బాయి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడు. ఆ ఇంట్లో డాక్టర్ చదువుకి వచ్చిన మొదటివాడు. క్లాసు ఎగ్గొట్టిన రోజు లేదు. థియరీ పేపర్లలో మార్కులు బాగానే వచ్చేవి. మొత్తం 206 ఎముకలు. తల, వెన్ను, ఛాతీ కలిపి 80, కాళ్లూ చేతులూ వాటిని మొండేనికి కలిపే ఎముకలూ 126. ఆ 80లో పుర్రెవి 22, చెవుల్లోవి 6, వెన్నువి 26, పక్కటెముకలు 24 అంటూ తడుముకోకుండా అప్పజెప్పేవాడు. పుట్టినప్పుడు ఇంతకంటే ఎక్కువ ముక్కలుంటాయని, తర్వాత అవి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయని కూడా చక్కగా రాసేవాడు.

వచ్చిన సమస్య

మొదటి ఇంటర్నల్ వైవాలో హ్యూమరస్ ఇచ్చాను. "తల లోపలికి, పైకి, వెనక్కి చూస్తుంది మేడమ్" అని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఎముక అతని చేతిలో తలకిందులుగా ఉంది. నోరు చెప్పేదానికీ చేతిలో ఉన్నదానికీ సంబంధమే లేదు.

రెండోసారి పది ఎముకలు వరసగా ఇచ్చాను. మూడింటికి సరిగ్గా చెప్పాడు. రెండింటికి తప్పు చెప్పాడు. ఐదింటికి "తెలియదు మేడమ్" అన్నాడు. ఆ ఐదింటిలో తొడ ఎముక కూడా ఉంది. అనాటమీ హాల్లో అడుగు పెట్టిన వారానికే ఎవరైనా గుర్తుపట్టే ఎముక అది. ఒంట్లో అన్నిటికంటే పొడవైనది, మనిషి ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది.

ఇక్కడ నేను ఆగాల్సింది. కుడా ఎడమా అన్నది రెండే జవాబులున్న ప్రశ్న. ఏమీ తెలియనివాడు ఏదో ఒకటి అనేస్తే సగమైనా కలిసొస్తాయి. అలాంటిది ఇంత చదివినవాడు ఒకటికి ఐదుసార్లు ఊహించడానికి కూడా ప్రయత్నించకుండా "తెలియదు" ఎందుకంటాడు? నాకు ఆ ప్రశ్న తట్టలేదు. టెన్షన్ అనుకున్నాను, భాష అనుకున్నాను, ప్రాక్టీసు చాల్లేదనుకున్నాను. మూడూ మాకు రోజూ కనిపించేవే. కనిపించేవాటిలోంచే కారణం ఏరుకున్నాను.

చేసిన ప్రయత్నాలు

ముందు భాష పట్టుకున్నాను. అతను చదివిన స్కూలు తెలిసేసరికి, లాటిన్ పేర్లు బుర్రకెక్కడం లేదని తీర్మానించుకున్నాను. రెండు ఆదివారాలు కూర్చుని ఎముకల పేర్లకు, వాటి భాగాలకు తెలుగు మాటల పట్టిక తయారుచేసి ఇచ్చాను. జత్రుక, అంసఫలకం, రత్ని, అరత్ని, అంతర్జంఘిక, బహిర్జంఘిక. వారం తిరిగేసరికి అవి కూడా అప్పజెప్పేశాడు. వైవా మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ పట్టికలోని పొరపాటు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రత్ని అంటే రేడియస్, ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక. ఆ మాట ఆ పిల్లవాడి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. రేడియస్ ఎంత దూరమో రత్నీ అంతే దూరం. ఇంట్లో వాడేవి వేరు: కొందరు బొమిక అంటారు, కొందరు బొక్క అంటారు, ముంజెయ్యి, మోకాలి చిప్ప, చీలమండ, రెక్క ఎముక. తెలుగులో చెప్పాలనుకున్నప్పుడు నేను మొదలుపెట్టాల్సింది ఈ మాటలతో. అయినా అతని ఇబ్బంది మాటలతో కాదు కాబట్టి అవి కూడా ఆ రోజు పనిచేసేవి కావు.

రెండో ప్రయత్నం గురించి రాయడం కష్టంగానే ఉంది. ప్రాక్టీసు చాల్లేదనుకుని, డిపార్ట్‌మెంట్ అనుమతితో ఒక బోన్ సెట్ అతనికి హాస్టల్‌కి ఇచ్చి పంపాను. సగం అస్థిపంజరం, విడి ఎముకలుగా, ఒక సంచిలో. "రాత్రిళ్లు పక్కన పెట్టుకుని తిప్పి చూస్తూ ఉండు బాబూ, పది రోజుల్లో చేతికి అలవాటైపోతుంది" అన్నాను. నేను చదువుకునే రోజుల్లో మేమంతా అలాగే నేర్చుకున్నాం. మంచం కింద ఎముకలు పెట్టుకుని పడుకున్నవాళ్లమే.

పది రోజుల తర్వాత సంచి తిరిగిచ్చాడు. తాడు ముడి నేను వేసింది వేసినట్టే ఉంది. మనిషి చిక్కిపోయాడు. క్లాసులో కునికిపాట్లు. ఆ పది రోజులూ సంచి గదిలో లేదని, వరండాలో చెప్పుల స్టాండ్ వెనక పెట్టి, రాత్రి రెండు మూడుసార్లు లేచి వెళ్లి అది అక్కడే ఉందో లేదో చూసుకుని వచ్చేవాడని తర్వాత అతని రూమ్మేట్ చెప్పాడు. నాకు కోపం వచ్చింది. ఇంత అవకాశం ఇస్తే సంచి విప్పను కూడా విప్పలేదా అని. ఆ కోపంలో ఒక మాట అన్నాను కూడా. అతనేమీ బదులు చెప్పలేదు.

మధ్యలో ఫోన్లో త్రీడీ యాప్ ఒకటి చూపించాను. అందులో బాగానే చేశాడు. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. తెర మీద ఎవరైనా చేస్తారులే అనుకున్నాను. నిజానికి అది నాకు దొరికిన రెండో ఆధారం.

చేతులు చూసిన రోజు

దారి మారింది అనుకోకుండానే. ఆ రోజు డెమాన్‌స్ట్రేషన్ హాల్లో పెద్ద సెట్ ఇంకో బ్యాచ్ దగ్గర ఉంటే, మాకు ప్లాస్టిక్ ఎముకలు ఇచ్చారు. ఈ అబ్బాయి ప్లాస్టిక్ తొడ ఎముకను అరచేత్తో గట్టిగా పట్టుకుని, తిప్పి, తన తొడకి ఆనించి, "కుడి" అన్నాడు. సరైన జవాబు. ఇంకోటి ఇచ్చాను, అదీ సరిపోయింది. పదింటిలో తొమ్మిది చెప్పాడు. తప్పు పోయింది ఫిబులా ఒక్కటే, మోకాలి కింద బయటి పక్కన ఉండే సన్నటి ఎముక. అది సీనియర్లు కూడా తడబడే ఎముక.

ఆ తొమ్మిదితో నా ఊహలు మూడూ ఒకేసారి కొట్టుకుపోయాయి. భాష రానివాడికి ప్లాస్టిక్‌తో కూడా రాకూడదు. ప్రాక్టీసు చాలనివాడికీ రాకూడదు. ఎగ్జామినర్ అంటే భయమైతే ఎదురుగా ఉన్నది అదే నేను. మారింది ఒక్కటే, చేతిలో ఉన్న వస్తువు.

మర్నాడు అసలు ఎముకలతో మామూలు క్లాసు. నేను పాఠం చెబుతూ అతని మొహం కాకుండా చేతులు చూశాను. ఎముకను బొటనవేలు, చూపుడువేలు కొసలతో, కాలే పెనం అంచు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కళ్లు ఎముక మీద లేవు, పక్కనున్న పుస్తకం బొమ్మ మీద ఉన్నాయి. నాలుగు సెకన్లలో కింద పెట్టేశాడు. ఆ తర్వాత చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. అప్పుడు తెలిసింది, "తెలియదు మేడమ్" అనేది జవాబు కాదని. అలా అంటే ఎముక వెంటనే కింద పెట్టేయొచ్చు.

మాట్లాడటం

ఎందుకు భయపడుతున్నావు అని అడగదలచుకోలేదు. అలా అడిగితే ఈ వయసు పిల్లలు భయం లేదనే చెబుతారు. క్లాసయ్యాక కూర్చోబెట్టి నేను చూసింది మాత్రం చెప్పాను: ప్లాస్టిక్‌తో తొమ్మిది వచ్చాయి, ఎముకలతో మూడు వచ్చాయి, ఎముకను వేలికొసలతో పట్టుకుంటున్నావు. బోన్ సెట్ హాస్టల్‌కి పంపడం నా తప్పని, ఆ రోజు అన్న మాట అనకూడనిదని కూడా చెప్పాను. చాలాసేపు నిశ్శబ్దంగా ఉన్నాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

కాలేజీలో చేరడానికి కొన్ని నెలల ముందు ఇంట్లో చాలా దగ్గరి మనిషి పోయారు. ఎవరన్నది రాయను. కర్మ చేసింది ఇతనే. మూడో రోజు సంచయనానికి శ్మశానానికి తీసుకెళ్లారు. పాలూ నీళ్లూ చల్లి, కాళ్ల దగ్గర మొదలుపెట్టి తల వైపు ఏరమన్నారట. ఏరాడు. కుండలో వేశాడు. తీసుకెళ్లి నదిలో కలిపాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు. కాలేజీలో మొదటి వారంలో బల్ల మీద ఎముకలు పోసి, తీసి చూడండి అన్నారు.

"అక్కడ నేను పట్టుకున్నది ఏ ఎముకో అప్పుడు నాకు తెలీదు మేడమ్. ఇక్కడ పేర్లు నేర్చుకుంటుంటే ఒక్కొక్కటీ తెలుస్తోంది" అన్నాడు.

ముప్ఫై మంది పిల్లల్లో ఒకడు ఇలాంటి కారణంతో వెనకబడి ఉంటాడని నేనెప్పుడూ అనుకోలేదు. మన ఇళ్లల్లో మగపిల్లలు ఎంతమంది ఇరవై ఏళ్లలోపే ఈ పని చేసి వస్తారో ఆలోచిస్తే, అనుకోకపోవడమే వింత.

నిర్ణయాలు

అప్పుడు నా ముందు మూడు దారులు కనిపించాయి.

మొదటిది, ప్లాస్టిక్‌తోనే పరీక్ష పెట్టడం. ఇంటర్నల్ నా చేతిలో పనే. కాని యూనివర్సిటీ ప్రాక్టికల్‌లో బల్ల మీద అసలు ఎముకలే ఉంటాయి. ఆ తర్వాత ఫోరెన్సిక్, ఆర్థోపెడిక్స్ వస్తాయి. ఇప్పుడు తప్పిస్తే అప్పుడు ఒంటరిగా ఎదుర్కోవాల్సి వస్తుంది. అందుకే వద్దనుకున్నాను.

రెండోది, అలవాటయ్యేదాకా ఎముకలు చేతిలో పెడుతూనే ఉండటం. హాస్టల్‌కి సంచి పంపినప్పుడు నేను తెలియకుండా చేసింది అదే. ఫలితం చూశాను.

మూడోది మెల్లగా వెళ్లడం, ఏ మెట్టు ఎప్పుడెక్కాలో అతన్నే నిర్ణయించమనడం. ఇది ఎంచుకున్నాను. మొదలుపెట్టే ముందు మా సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌లోని ఒక కొలీగ్ దగ్గరికి పంపాను. నిద్ర కరువైన మనిషి, తిండి తగ్గిన మనిషి. నాకు తెలిసింది ఎముకలు, దుఃఖం కాదు. ఆవిడ రెండుసార్లు మాట్లాడి, ఇది జబ్బు కాదు, పూర్తిగా దిగని దుఃఖం, మీ పద్ధతిలో మీరు వెళ్లండి, నిద్ర మళ్లీ చెడితే నా దగ్గరికి పంపండి అన్నారు. ఆ మాట దొరికాకే నేను ధైర్యంగా ముందుకెళ్లాను.

పనిచేసినవి

వారానికి రెండు రోజులు, సాయంత్రం అరగంట. మొత్తం ఏడు వారాలు పట్టింది.

మొదటి రెండు వారాలు ఎముకలు బయటికి తీయలేదు. అతని ఒంట్లోవే వెతికించాను. మెడ కింద కాలర్ బోన్ మీద వేలు పెట్టి లోపలి నుంచి బయటికి జరుపుకుంటూ వెళితే, మూడింట రెండు వంతులు ముందుకు ఉబ్బి ఉంటుంది, మిగిలిన వంతు వెనక్కి వంగుతుంది. ఆ రెండు వంపులూ కలిసేచోటే అది ఎక్కువగా విరుగుతుంది. మోచేతి లోపలి పక్క పొడుచుకొచ్చిన బుడిపె వెనక గట్టిగా తగిలితే చిటికెన వేలి దాకా జిల్లుమంటుంది. అల్నార్ నరం అక్కడ ఎముకను ఆనుకుని పోతుంది. మణికట్టుకి రెండు పక్కలా వేళ్లు పెడితే బొటనవేలి వైపు కొన, చిటికెన వేలి వైపు కొన కంటే కిందికి ఉంటుంది. చీలమండల్లో బయటిది లోపలిదానికంటే కిందికి దిగి ఉంటుంది. ఇవన్నీ అతనికి పుస్తకంలో వచ్చు. కాని ఈ బుడిపెలు తన దగ్గరే ఉన్నాయన్నట్టు అతనెప్పుడూ చదవలేదు. బతికున్న ఎముకతో మొదలుపెట్టాలన్నదే నా ఆలోచన. అతనికి ఎముక అంటే చనిపోయినవాళ్లదే. తనది కూడా ఎముకేనని ముందు అతని వేళ్లకి తెలియాలి.

మూడో వారంలో ఒకరోజు అతనే అడిగాడు: "మేడమ్, అక్కడ ముట్టుకుంటే పొడైపోయింది. కాని ఆకారం మాత్రం ఎముకలాగే ఉంది. ఎందుకలా?"

నాకు తెలిసి ఈ కేసు తిరిగింది ఆ ప్రశ్న దగ్గరే. అంతవరకు ఒంటరిగా మోస్తున్నదాన్ని మొదటిసారి ఒక ప్రశ్నగా నా ముందు పెట్టాడు.

ఎముకలో రెండున్నాయని చెప్పాను. ఎండిన ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం. మిగతాది ఎక్కువగా కొల్లాజెన్ అనే పోగు. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కుతారు చూడు, అలా. మట్టి గట్టిదనమిస్తుంది, గడ్డి విరగకుండా పట్టి ఉంచుతుంది. మంట గడ్డిని తినేస్తుంది. మట్టి ఉన్న ఆకారంలోనే మిగులుతుంది, కాని పట్టి ఉంచేది లేదు కాబట్టి చెయ్యి తగిలితే రాలిపోతుంది.

దీనికి రెండు భాగాల ప్రయోగం ఒకటి ఉంది, ఏళ్లుగా చేయిస్తున్నాం. ఒక ఎముకను ఆమ్లంలో నానబెడితే ఖనిజం కరిగిపోయి పోగు మిగులుతుంది. అప్పుడు ఎముక రబ్బరులా వంగుతుంది. ఇంకోదాన్ని కాలిస్తే పోగు పోయి ఖనిజం మిగులుతుంది. నేను మొదటి భాగమే చేయించాను. కోడి కాలి ఎముకను వెనిగర్‌లో వేసి, రెండు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ, వారం పైన ఉంచాడు. తీసి రెండు చేతులతో వంచితే విల్లులా వంగింది. చాలాసేపు వంచుతూ వదులుతూ కూర్చున్నాడు. కాల్చే భాగం చేయలేదు. అది అతనికి తెలుసు, మా అందరికంటే ఎక్కువగా తెలుసు.

ఆ తర్వాత అసలు ఎముకలు. మొదటిది ఏదో అతన్నే ఎంచుకోమన్నాను. మోకాలి చిప్ప తీసుకున్నాడు. నేనైతే దాన్ని ఎంచేదాన్ని కాదు, క్లాసులో అది చివర్లో వస్తుంది. కాని అతని లెక్క సరైనదే: చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది, చితి దగ్గర తను చూసిన పొడుగు ముక్కల్లా ఉండదు. పైగా దానికి చక్కటి కిటుకు ఉంది. కొన మనకి అవతలి వైపు ఉండేలా, నున్నటి ముఖం బల్లకి ఆనేలా పెట్టి వదిలితే, అది ఏ పక్కకి ఒరిగితే ఆ కాలిదే. ఆ నున్నటి ముఖంలో బయటి పక్క భాగం వెడల్పు ఎక్కువ, అందుకే ఆ పక్కకి వాలుతుంది. నాలుగు చిప్పలు వరసగా పెట్టి చూశాడు. మొదటి రోజు గ్లవ్స్ వేసుకున్నాడు. మూడో రోజు తీసేశాడు. నేను తీయమనలేదు.

తర్వాత కాలర్ బోన్, హ్యూమరస్, ముంజేతి రెండూ, కాలివి. తొడ ఎముక ఆరో వారానికి గాని ముట్టుకోలేదు. రెండు చేతులతో ఎత్తి, "ఇది బరువుగా ఉంది మేడమ్" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ట్రంకు పెట్టె

ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. "వీళ్లకి కర్మ ఎవరు చేశారు మేడమ్?"

నిజమే చెప్పాను. ఇప్పుడు మా హాల్లోకి వచ్చే దేహాల్లో కొన్ని తామే రాసిచ్చి వెళ్లినవాళ్లవి, కొన్ని ఎవరూ రాని అనాథలవి. ఈ పాత ఎముకలు ఎవరివో రాసి పెట్టినవారు లేరు. ఒకప్పుడు మన దేశం నుంచి విదేశీ కాలేజీలకు కూడా ఎముకలు అమ్మేవారు. 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. మన పెట్టెలో ఉన్నవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో నాకు తెలీదు. ఈ మాటలు చెబుతుంటే నాకే ఏదోలా అనిపించింది. ఇరవై ఏళ్లుగా ఆ పెట్టె మూత తీసి వేస్తున్నాను, ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

పెట్టె అంటే ఇనుప ట్రంకు. అందులో ఎన్నో సెట్ల ఎముకలు కలగలిసిపోయి, వంటచెరకులా పడి ఉంటాయి. వాటిని విడదీసి సర్దవచ్చా అని అడిగాడు. ఒకరివి ఒకచోట ఉండేలా.

సరేనన్నాను. ఆ పని అతనికి దుఃఖం తగ్గిస్తుందని అనుకున్నాను తప్ప, అది ఇంత గట్టి పాఠమవుతుందని ఊహించలేదు. 11 తొడ ఎముకలు బల్ల మీద పెట్టుకుని జతలు కలపాలంటే ముందు ప్రతిదానికీ కుడీ ఎడమా తేల్చాలి. ఎగ్జామినర్ లేడు, మార్కు లేదు, "తెలియదు" అని తప్పించుకుంటే పని ఆగిపోతుంది. తేల్చాక పొడవు కొలవాలి, తల చుట్టుకొలత చూడాలి, వెనకవైపు నిలువునా ఉండే లీనియా ఆస్పెరా గరుకు గీత ఎంత ఎత్తుగా ఉందో వేలితో పోల్చాలి. ఒకే మనిషివైనా రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవని అతనే కనిపెట్టాడు. చేతి ఎముకల్లో అయితే కుడిది కాస్త పొడవుగా, దిట్టంగా ఉండటం మామూలే. చాలామంది కుడిచేత్తో పనిచేస్తారు, పనిచేసే ఎముక దానికి తగ్గట్టు పెరుగుతుంది. ఏ పుస్తకం బొమ్మా ఇలాంటి జత కుదర్చడానికి పనికిరాదు, ఎందుకంటే బొమ్మలో ఎప్పుడూ ఒక్క పక్కదే వేస్తారు. ఎముకనే చూడాలి.

నాలుగు తొడ ఎముకల జతలు నమ్మకంగా కుదిరాయి. మిగిలిన మూడూ విడివిడిగానే ఉంచాడు. అనుమానం ఉన్నదాన్ని బలవంతంగా కలపనన్నాడు.

ఫలితం, మిగిలినవి

తర్వాతి ఇంటర్నల్‌లో అసలు ఎముకలతో పదికి ఎనిమిది. యూనివర్సిటీ ప్రాక్టికల్ మొదటిసారే పాసయ్యాడు. నిద్ర సర్దుకుంది.

అన్నీ తీరిపోలేదు. పుర్రెను పట్టుకోవడం ఏడాది చివరిదాకా అతనికి కష్టంగానే ఉంది. పరీక్షకు కావలసినంత చేశాడు, అంతే. తర్వాత ఒక ఫోరెన్సిక్ క్లాసులో కాలిన ఎముకల ఫొటోలు వేసినప్పుడు లేచి బయటికొచ్చేశానని ఫోన్ చేసి చెప్పాడు. మంచి పని చేశావన్నాను. ముందుగా ఆ టీచర్‌తో మాట్లాడి ఉండాల్సింది నేను, ఆ ఆలోచన రాలేదు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి కొన్ని చెబుతాను. మొదటి ఎముకల క్లాసులో పిల్లల మొహాలు కాకుండా చేతులు చూస్తాను. ప్రతి బ్యాచ్‌లో ఒకరో ఇద్దరో వేలికొసలతో పట్టుకునేవాళ్లు ఉంటారు. అందరికీ కారణం ఇదే కాదు. ఒకమ్మాయికి ఇంటికెళ్లాక తలస్నానం చేస్తే గాని లోపలికి రానివ్వని ఇల్లు, ఇంకొకరికి వట్టి అసహ్యం, అది రెండు వారాల్లో పోయింది. వైవాలో ఎవరైనా మళ్లీ మళ్లీ "తెలియదు" అంటే, అదే ప్రశ్న ప్లాస్టిక్‌తో ఒకసారి అడిగి చూస్తాను. ఐదు నిమిషాల పని. బోన్ సెట్ హాస్టల్‌కి ఇచ్చేముందు "ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా" అని విడిగా అడుగుతాను. మొదటిరోజు దేహదాతలకు నమస్కరించి ప్రతిజ్ఞ చేయించేటప్పుడు, ట్రంకులోని వాళ్ల గురించి కూడా చెబుతాను. ఇక జతలు కలపడం అందరికీ పెట్టాను. ఇద్దరిద్దరు చొప్పున, మార్కులు లేకుండా. కుడీ ఎడమా నేర్పడానికి నాకు ఇంతకంటే మంచి పద్ధతి దొరకలేదు.

ఆ సర్దుడు చివరి రోజున కాలర్ బోన్ల దగ్గరికి వచ్చాడు. తొమ్మిదిట్లో ఒకటి, ఎడమది, దేనికీ జత కుదరలేదు. అతను దాని లోపలి చివరను వెలుతురుకి పెట్టి చూశాడు. నున్నగా లేదు, గాడులు గాడులుగా ఉంది. కాలర్ బోన్ కడుపులో ఉన్నప్పుడు అన్నిటికంటే ముందు ఎముకగా మారడం మొదలుపెడుతుంది, పూర్తవడం మాత్రం అన్నిటికంటే చివర. ఆ చివర ఇరవై దాటాక గాని పూర్తిగా అతుక్కోదు.

"అంటే ఇతను నా వయసువాడే కదా మేడమ్?"

అయి ఉండొచ్చు అన్నాను.

దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత దానికో చిన్న తెల్లగుడ్డ చింపి చుట్టి, జతల పక్కనే విడిగా ఒక అర చేసి పెట్టాడు. చీటీ మీద "ఎడమ, జత లేదు, చిన్న వయసు" అని రాశాడు. ఆ చీటీ ఇప్పటికీ అక్కడే ఉంది.